నెల సరకులు ఆన్‌లైన్‌లో చవకేనా?

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే సరకులు చవకగా వస్తాయన్న మాట ఏఎస్ రావు నగర్, కాప్రా, కుషాయిగూడ ప్రాంతాల కిరాణా వర్తకులను కొంతకాలంగా కలవరపెడుతున్నది. వారికి సరకు వేసే బేగంబజార్, మలక్‌పేట హోల్‌సేలర్లకు కూడా ఇది పట్టించుకోవలసిన విషయమే. ఈ మాటలో సగం నిజమున్నది. అది ఏ సగమో తేల్చుకోకుండా దిగులుపడి కూర్చోవడం వ్యాపార లక్షణం కాదు. అంతా ప్రచారమేనని కొట్టివేయడం అంతకంటె నష్టదాయకం.

ఏఎస్ రావు నగర్ జీతగాళ్ళ పేట. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్‌కు సారథ్యం వహించిన డాక్టర్ ఎ.ఎస్.రావు పేరుతో, ఆ సంస్థ ఉద్యోగుల వల్ల పెరిగిన కాలనీ. ఇలాంటి చోట ఒకటో తారీఖుకు చిట్టా రాసి దుకాణంలో ఇవ్వడం, సరకు ఇంటికి చేరడం, లెక్క ఖాతాలో పడడం కొత్త సంగతులు కావు. కనుక ఇంటికి చేర్చడమనే సదుపాయాన్ని ఫోను కంపెనీలు కనిపెట్టలేదు. అవి తెచ్చిన కొత్తదనం రెండింటిలో ఉన్నది: ధర ముందే కనిపించడం, చిన్న కొనుగోలుకు కూడా మనిషి పరుగెత్తుకు రావడం. మొదటిది కొనుగోలుదారుకు లాభం. రెండవది చాలాసార్లు నష్టం.

ముందుగా వర్తకులకు రుచించని సంగతి. సబ్బులు, బట్టల పొడి, టీ పొడి, బిస్కట్లు, టూత్‌పేస్టు వంటి కంపెనీ సరకులలో ఆన్‌లైన్ ధర తరచు కిరాణా ధరకంటె తక్కువగా ఉంటున్నది. ఆ కంపెనీలు పెద్ద మొత్తంలో తీసుకుంటాయి. డిస్ట్రిబ్యూటరుకు, చిల్లర వర్తకునికి పోయే మార్జిన్లు రెండూ ఒకేచోట మిగులుతాయి. అందులో కొంత తగ్గింపుగా చూపుతాయి. ఎంఆర్‌పీ మీద పైసా తగ్గించకుండా అమ్మే దుకాణదారు ఈ సరకులో ఖాతాదారును నిలుపుకోవడం కష్టం. నెలకు రూ. 4,000 సరకు ఒకేసారి తెప్పించి, సగటున 6 శాతం తగ్గింపు పొందే కుటుంబం ఉన్నదనుకుందాం. వారికి రూ. 240 మిగిలినట్టే. పెద్ద ఆర్డరు మీద డెలివరీ ఛార్జీ లేకపోతే ఆ ఆదా అసలైనదే.

అయితే అదే కుటుంబం చిట్టా రాయడం మానేసి, సాయంత్రం ఉప్పు, మరునాడు పాలు, ఆ మరునాడు కొత్తిమీర అంటూ తెప్పించడం మొదలుపెడితే లెక్క తిరగబడుతుంది. రూ. 200 ఆర్డరు మీద డెలివరీకీ, హ్యాండ్లింగ్‌కూ కలిపి రూ. 30 పడిందనుకుంటే అది 15 శాతం. ఏ తగ్గింపు దానిని పూడుస్తుంది? పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ స్థానిక డెలివరీ సేవ మీద 18 శాతం జీఎస్టీ కూడా వచ్చింది. ఉచిత డెలివరీ హద్దు అందుకోవడానికి అవసరం లేని వస్తువు ఒకటి బుట్టలో చేర్చడం మామూలే. చివరి క్షణంలో ఛార్జీలు బయటపెట్టడాన్నీ, అడగని వస్తువును బుట్టలో చేర్చడాన్నీ మోసపు పద్ధతులుగా పేర్కొంటూ కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరులో మార్గదర్శకాలు జారీచేసింది. బిల్లు అడుగు భాగం చదివే అలవాటు మాత్రం ఏ అథారిటీ నేర్పలేదు.

ఇక పప్పులు, బియ్యం, పిండి. ఇక్కడ కిరాణా వర్తకుని చేతిలో ఒక ఆయుధం ఉన్నది. దాని విలువ చాలామంది గుర్తించినట్టు లేదు. 2022 జూలై 18 నుంచి ముందుగా తూచి కట్టి, లేబులు వేసిన 25 కిలోలలోపు ఆహారధాన్యాల ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ అమలవుతున్నది. 25 కిలోలు దాటిన బస్తాకు, ఆ బస్తా విప్పి గిరాకీ ఎదుట తూచి ఇచ్చే విడి సరకుకు ఈ పన్ను లేదు. ఆన్‌లైన్‌లో వచ్చేది ప్యాకెట్టే. తాండూరు కందిపప్పు గాని, కలబురగి సరకు గాని 50 కిలోల బస్తాగా దించుకుని విడిగా అమ్మే దుకాణదారుకు రూ. 100 సరకు మీద రూ. 5 వెసులుబాటు అక్కడే దొరికింది. ప్యాకింగు ఖర్చు కూడా తప్పింది. తరుగు, ఆటో కిరాయి పోయినా పోటీకి నిలబడే సందు ఇదే.

ధర పోల్చేటప్పుడు తూకం చూడకపోవడం మరొక పొరపాటు. వంటనూనె లీటరు అంటే సుమారు 910 గ్రాములు. ప్యాకెట్లకు నిర్ణీత పరిమాణాల నిబంధన ఎత్తివేసిన తరువాత అంతకు తక్కువ తూగే ప్యాకెట్లు కూడా అదే ఆకారంలో వస్తున్నవి. ప్యాకెట్టు మీద యూనిట్ ధర ముద్రించాలన్న నియమం ఉన్నది. ఫోను తెరమీద పెద్ద అక్షరాలలో కనిపించేది మాత్రం మొత్తం ధర. కూరగాయల సంగతి ఎక్కువ చెప్పనక్కరలేదు. కుషాయిగూడ రైతుబజారు బోర్డు ధరతో పోల్చుకుంటే ఎవరికి వారికే తెలుస్తుంది.

ఈ తగ్గింపులు ఎంతకాలం? స్విగ్గీ సంస్థ 2024-25లో రూ. 3,100 కోట్లకు పైగా నష్టం చూపింది. అందులో ఇన్‌స్టామార్ట్ వాటా స్వల్పమేమీ కాదు. అంటే కొనుగోలుదారు ఆదాలో కొంత భాగం షేరుదారుల జేబునుంచి వస్తున్నది. నష్టానికి అమ్మి చిన్నవారిని తరిమివేసి తరువాత ధర పెంచుతారన్నది డిస్ట్రిబ్యూటర్ల భయం. వారి అఖిల భారత ఫెడరేషన్ 2024లో కాంపిటీషన్ కమిషన్‌ను ఆశ్రయించింది. భయం అర్థం లేనిది కాదు, అయితే పెద్దలు తడబడిన సందర్భాలు కూడా ఉన్నవి. 1999లో ఫాబ్‌మార్ట్ పేరుతో ఆన్‌లైన్ అమ్మకాలు ప్రారంభించినవారు దుకాణాల బాట పట్టవలసి వచ్చింది. ఆ దుకాణాలు హైదరాబాద్ త్రినేత్ర గొలుసుతో కలిసి చివరకు ఆదిత్య బిర్లా గ్రూపుకు చేరాయి. అదే బృందం 2011లో బిగ్‌బాస్కెట్‌తో మళ్ళీ వచ్చింది; 2021లో దాని ఆధిపత్యం టాటాలకు పోయింది. పట్టువిడవనివారు వారు. పోటీ దానంతట అదే పోతుందని ఎదురుచూడడం వృథా.

ఉద్దెర ఇవ్వడం కిరాణాకు బలమే గాని, ఉద్దెర ఖాతాదారుకు ఒక ధర, నగదు ఇచ్చేవారికి అదే ధర అనడం ఇక సాగదు. ఒకటో తారీఖు చిట్టాకు నగదు చెల్లించేవారికి కంపెనీ సరకు మీద 3, 4 శాతం వదిలి, ఆ లోటును విడి పప్పులలో రాబట్టుకునే దుకాణాలకు గిరాకీ తగ్గే అవసరం లేదు. ధరల పలక బయట పెట్టడానికి జంకేవారి పరిస్థితి వేరు.

మరొక మాట. చూపుకు బాగుంటుందని కిలో, అరకిలో పప్పును ముందే తూచి, దుకాణం పేరు అచ్చువేసిన సంచులలో కట్టి ఉంచే అలవాటు ఈ మధ్య కనిపిస్తున్నది. అలా కట్టిన సరకు 5 శాతం పన్ను పరిధిలోకి వస్తుంది. హోల్‌సేలర్లు కూడా 25 కిలోల సంచి, 30 కిలోల సంచి మధ్య తేడాను బిల్లు రాసే ముందే తమ ఖాతాదారులకు చెప్పడం మంచిది.