బొలోన్యా నగరపు స్వర్గగ్రంథము

యూరపు మధ్యయుగమును గూర్చి మన పఠనమందిరములలో నొక కథ చిరకాలముగా ప్రచారమున నున్నది. రోము సామ్రాజ్యము కూలినది, వేయేండ్లు చీకటి క్రమ్మినది, పిమ్మట నిటలీలో కొందరు శిల్పులును, చిత్రకారులును, పండితులును పుట్టి దీపము వెలిగించిరి, లోకము మేలుకొనినది. కథ వినుట కింపుగానే యున్నది. కాని వేయేండ్లు నిద్రించిన ప్రజ యొక్కనాటి యుదయమున లేచి యంతపని యెట్లు చేయగలిగెనని యడిగినవారు తక్కువ. మా యభిప్రాయమున పునరుజ్జీవనమునకు మూలమును చిత్రశాలలలో వెదకుట చాలదు. పొలములలోను, సంతలలోను, అన్నిటికంటె ముఖ్యముగా దస్తావేజులలోను వెదకవలెను.

ఆనాటి సేద్యగాని స్థితిని ముందుగా తెలిసికొందము. పశ్చిమ యూరపున పెక్కుచోట్ల నతడు భూదాసుడు. భూమి చేతులు మారినప్పుడు దానితోపాటు తానును చేతులు మారును. వారమునకు కొన్ని దినములు ప్రభువు పొలమున కూలి లేక పనిచేయవలెను. తన ధాన్యమును ప్రభువు మరలోనే విసరించి, యందుకు సుంక మిచ్చుకొనవలెను. కూతునకు పెండ్లిచేసిన నొక రుసుము. ఇంటి యజమానుడు చనిపోయిన దొడ్డిలోని మేలైన పశువు ప్రభువు పాలు. వీని కన్నిటికి నాధారము ప్రభువు కచ్చేరిలోని చిట్టా. అందు తండ్రి పేరున్నచో బిడ్డ పుట్టకముందే దాసుడు.

ఈ కట్టు మొదట పట్టణములలో సడలినది. పదునొకండవ శతాబ్దమునుండి వర్తకము పెరిగి, వర్తకులును వృత్తిసంఘములవారును కొన్నియెడల ధనమిచ్చియు, కొన్నియెడల పోరాడియు ప్రభువులనుండి హక్కుపత్రములు సంపాదించిరి. పట్టణమున నొక సంవత్సరము మీద నొక దినము పట్టుబడక నివసించిన భూదాసుడు స్వతంత్రుడగునని పెక్కు పట్టణముల ధర్మము. ఉత్తర ఇటలీ నగరములు కూటమిగట్టి 1176లో లెన్యానోవద్ద ఫ్రెడరిక్ బార్బరొస్సా చక్రవర్తినే యోడించి, 1183లో కాన్‌స్టన్సు సంధివలన స్వపరిపాలన మొప్పించుకొనినవి.

ఆ నగరములలో బొలోన్యా న్యాయశాస్త్రమునకు పేరు పొందినది. రోమను ధర్మశాస్త్రము చదువుటకై నానాదేశములనుండి వచ్చిన విద్యార్థులు తామే సంఘముగా నేర్పడి, ఆచార్యులను జీతమునకు కుదుర్చుకొని, పాఠమాలస్యముగా మొదలుపెట్టినవారికి జుల్మానా వేయుచుండిరి. (ఈ సంగతి చదివినప్పుడు, న్యాయకళాశాల బల్లలపై గంటలకొలది కూర్చుండిన మాబోంట్ల కొకింత సంతోషము కలుగకపోదు.) 1256లో నీ నగరసభ తన యేలుబడిలోని భూదాసులను విడుదల చేయ నిర్ణయించినది. దాదాపు 400 మంది యజమానులకు నగరపు బొక్కసమునుండియే వెల చెల్లించిరి. 14 ఏండ్లు దాటినవారికి 10 లీరాలు, చిన్నవారికి 8. ఆ విధముగ విముక్తులైనవారు 5,855 మంది. వారి పేర్లన్నియు నోటరీలచే నొక గ్రంథమున కెక్కింపబడినవి. మానవుని దేవుడు స్వర్గమున స్వతంత్రునిగా సృజించెనని యారంభించుటచే దానికి స్వర్గగ్రంథమని పేరు వచ్చినది.

దాసుడు పన్ను కట్టడు, స్వతంత్రుడు కట్టును. బొక్కసము నింపుకొనుటకే నగర మీపని చేసినదని కొందరందురు. ఆ యుద్దేశము లేకపోలేదు. కాని 5,855 మంది విడుదలను దానివలన తక్కువచేయ మేమొల్లము. తరతరముల పేర్లను బంధించిన లేఖనమే, ఇచ్చట పేరుపేరున విడిపించినది. శిలావిగ్రహములకంటె నీ పట్టీని ముందు చూడుమని యువకులకు మేము చెప్పుదుము.

వర్తకుని లెక్కలలో మన దేశమునకు సంబంధించిన సంగతి యొకటి కలదు. పీసా వాసి లియొనార్డో యుత్తర ఆఫ్రికాలో అరబ్బులవద్ద నేర్చి, 1202లో వ్రాసిన గణితగ్రంథమున తొమ్మిది అంకెలను హిందువుల యంకెలనియే పేర్కొనినాడు. 1299లో ఫ్లారెన్సు సరాబుల సంఘము వానిని పద్దులలో వ్రాయరాదని నిషేధించినది! అయినను వర్తకము వానిని విడువలేదు.

1347లో సిసిలీ రేవులలో దిగిన ప్లేగు నాలుగైదేండ్లలో యూరపు జనమున మూడవవంతునకు తక్కువ కాకుండ హరించినది. పొలములు మిగిలినవి, చేతులు కరవైనవి. కూలివాడు హెచ్చు కూలి యడిగెను. ఇంగ్లండు ప్రభుత్వము 1349లో ఆజ్ఞయు, 1351లో శాసనమును చేసి, ప్లేగునకు ముందటి కూలికే పనిచేయవలెనని నిర్బంధించినది. తలపన్ను తోడై 1381లో కర్షకులు తిరుగబడిరి. వారు పెక్కుచోట్ల ప్రభువుల చిట్టాలను వెదకి వెదకి కాల్చిరి. ఆనాటి చరిత్రకారులు వారిని మూఢుల మూకయనిరి. ఏ పుస్తకము కాల్చవలెనో యంత చక్కగా నెరిగినవారిని మూఢులనుట మాకు సమ్మతము కాదు. పదునాలుగేండ్ల రిచర్డు రాజు విముక్తిపత్రములు వ్రాయించి యిచ్చి, ప్రమాదము తొలగినంతనే రద్దుచేసెను. ఐనను కూలి కరవు రాజుమాటకు లొంగలేదు. తరువాతి శతాబ్దమున భూదాస్యము క్రమముగా సన్నగిల్లి, ప్రభువు చిట్టాలోని తన పద్దునకు నకలే రైతు చేతి హక్కుపత్రమైనది.

ఈ కాలమునకు తగిన పండితుడు లోరెంజో వల్లా. కాన్‌స్టంటైను చక్రవర్తి పశ్చిమరాజ్యమును పోపునకు ధారపోసెనను దానపత్రము శతాబ్దములుగా ప్రమాణమై యుండెను. 1440లో వల్లా దానిని, సాక్షిని బోనెక్కించినట్లు, మాటమాటకు ప్రశ్నించెను. ఆ లాటిను నాలుగవ శతాబ్దపు లాటినుగాదనియు, రోమను అధికారులకు పారసీకపు పదవి పేరెట్లు వచ్చెననియు నిలదీసి, పత్రము కూటమని తేల్చెను. అప్పుడతని పోషించుచున్న అల్ఫాన్సో రాజు పోపుతో వివాదమున నున్నవాడే. వాది యెవడైనను సాక్ష్యము సాక్ష్యమే. ఆ వల్లాయే పిమ్మట పోపు కొలువున చేరుట మరియొక వింత!

అయితే విద్య వికసించిన చోటెల్ల దాస్యము తొలగెననుకొనరాదు. ప్లేగు పిమ్మట పనివారు చాలక, 1363లో ఫ్లారెన్సు ప్రభుత్వమే క్రైస్తవులుకాని విదేశీయ బానిసలను దిగుమతి చేసికొన ననుమతించినది. వారిలో ననేకులు నల్లసముద్ర ప్రాంతములనుండి తెచ్చిన బాలికలు. ఆ సుందర నగరపు గొప్ప యిండ్లలో నంట్లు తోమినవారు వారు. ఎల్బునదికి తూర్పున, పశ్చిమ విపణులకు ధాన్యము పండించు ప్రభువులు పదునైదవ, పదునారవ శతాబ్దములలో కర్షకులను భూమికి మరింత బిగించి కట్టిరి. రష్యాలో నీ దాస్యము 1861 వరకు సాగినది. బొలోన్యాలో వెలను నగరము చెల్లించినది. రష్యాలో విడుదల పొందిన కర్షకులే తమకు వచ్చిన భూమి వెలను 49 ఏండ్ల వాయిదాలపై చెల్లింపవలెనని విధించిరి.