సొంత ఆకాశం, పాత విమానాలు

క్రొయేషియా దేశమంతా కలిపినా 39 లక్షల లోపు జనమే. 2011 లెక్కల నాటి హైదరాబాద్ జిల్లా కంటే కాస్త తక్కువ. ఆ దేశం ఫ్రాన్స్ వైమానిక దళం వాడిన 12 రఫేల్ యుద్ధ విమానాలను 2021లో 99.9 కోట్ల యూరోలకు కొన్నది. మొదటి ఆరు 2024 ఏప్రిల్‌లో జాగ్రెబ్‌లో దిగాయి. అంతవరకూ అక్కడ కాపలా కాసినవి మిగ్-21లే. మన దేశం 2025 సెప్టెంబరులో వీడ్కోలు చెప్పిన రకమే అది.

వాడిన విమానాలకు ఇంత ఖర్చా? ఉయ్యాలలోని బిడ్డతో సహా తలకు సుమారు 258 యూరోలు పడుతుంది. చిన్న మొత్తం కాదు. అయితే 1991 అక్టోబరులో వారి రాజధానిలోని ప్రభుత్వ భవనంపైనే యుగోస్లావ్ విమానాలు దాడి చేశాయి. అది చూసినవారు తమ ఆకాశాన్ని తామే కాచుకోవాలనుకుంటే మేము తప్పుపట్టము.

మమ్మల్ని ఆలోచింపజేసింది అంతకు ముందటి బేరం. 2018లో వారు ఇజ్రాయెల్ వాడిన ఎఫ్-16లను ఎంచుకున్నారు. అమ్మేవారు సరే, కొనేవారు సరే. కానీ వాటిని తయారుచేసిన అమెరికా, ఇజ్రాయెల్ చేసిన మార్పులతో వాటిని ఇవ్వడానికి ఒప్పుకోలేదు. 2019 జనవరిలో బేరం చెడింది. పొలం మనదే, బోరు గదికి తాళం మాత్రం పొరుగువాడి మొలలో ఉన్నట్టు!

రఫేల్‌కైనా విడిభాగాల కోసం ఫ్రాన్స్ వైపే చూడాలి. మన వైమానిక దళానికీ 36 రఫేల్‌లు కొన్నారు గనుక ఇది పరాయి కథ కాదు. విమానం దిగిన రోజున ఫొటోలు చూసి మురిసిపోతాం; ఇరవయ్యేళ్ల తరువాత దాని విడిభాగం ఎవరిస్తారని అడిగేవారు తక్కువ. ఆదివారం ఆరాధనలో సరిహద్దు సైనికుల కోసం ప్రార్థించే సంఘాలు, ఈ ఒప్పందాలపై సంతకాలు చేసేవారిని కూడా జ్ఞాపకం చేసుకోవాలని కోరుతున్నాము.