మన ఊరి లెక్క మనమే రాద్దాం!

పలాస, టెక్కలి, సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంత డిగ్రీ విద్యార్థులకు విజ్ఞప్తి

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

డిగ్రీలో మీరు చేయాల్సిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు 180 గంటలు. ఇంట్లో కూర్చుని సర్వే ఫారాలు నింపేసి, పాత బ్యాచ్ రిపోర్టు జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇస్తే మార్కులు పడతాయేమో. ఊరికి ఏం ఒరుగుతుంది? ఈసారి ఆ 180 గంటలూ మన ఉద్దానం ఊళ్లకు ఇవ్వండి.

దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు మన ఊళ్లను తినేస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకం వచ్చింది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కానీ ఈ జబ్బు ముదిరేదాకా బయటపడదు. పొద్దల్లా జీడితోటలో నడుం వంచిన అమ్మ, సాయంత్రం మందుల షాపులో నొప్పి బిళ్ల కొని మింగుతుంది. డాక్టరు చెప్పకుండా రోజూ మింగే ఆ బిళ్లలు కిడ్నీలకు చేటని, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమని ఆమె పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాలి. చదువుకున్న బిడ్డలుగా ఆ పని మీది.

దాంతోపాటు ఊరి లెక్కా రాయాలి. లెక్క విలువ మనకు తెలియంది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలను కూల్చినప్పుడు, రాసిన నష్టం లెక్కను బట్టే పరిహారం వచ్చింది. అంతకుముందు సోంపేట బీలను పనికిరాని భూమిగా చూపి థర్మల్ ప్లాంటుకు కేటాయిస్తే, అది పంటా చేపా ఇచ్చే చిత్తడి నేల అని రైతులు, మత్స్యకారులు పోరాడారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మన ఊరి సంగతి మనం రాయకపోతే, ఊరు తెలియనివాళ్లు రాస్తారు.

చేయాల్సిన పనులు ఇవీ:

1. ఆశా కార్యకర్త, ఏఎన్ఎంలతో కలిసి ఇంటింటికీ వెళ్లండి. ఏ నీళ్లు తాగుతున్నారు, బీపీ, షుగరు, క్రియాటినిన్ ఎప్పుడు చూపించుకున్నారు, నొప్పి బిళ్లలు ఎన్నాళ్లుగా వాడుతున్నారు అని అడిగి రాసుకోండి. ఎవరి జబ్బు సంగతీ బయట చెప్పకండి, వాట్సాప్‌లో పెట్టకండి.

2. పరీక్ష చేయించుకోనివాళ్లను వెంటబెట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. రిపోర్టులో ఏముందో డాక్టరునడిగి, ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి.

3. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం నెలకు రూ.10,000 పింఛను ఇస్తోంది. అర్హత ఉండీ అందనివాళ్లుంటే కాగితాలు సరిచూసి గ్రామ సచివాలయంలో దరఖాస్తు చేయించండి.

4. పేర్లు తీసేసి, ఊరి మొత్తం లెక్కను గ్రామసభలో చదవండి. ఒక కాపీ సర్పంచికి ఇచ్చి, ఏ పని ఎప్పటికి చేస్తారో మినిట్స్‌లో రాయించండి.

లెక్క చేతబట్టుకుని సర్పంచినైనా, కలెక్టరునైనా మర్యాదగా, గట్టిగా అడగగలిగే పిల్లలే రేపు ఈ ఊళ్లను నడిపిస్తారు. ఆ అలవాటు కాలేజీ రోజుల్లోనే పడాలి.

ఊరికి నలుగురు చొప్పున జట్టు కట్టండి. ఈ వారమే మీ మెంటరు లెక్చరరును కలిసి ప్రాజెక్టుకు మీ ఊరి పేరు రాయించండి!

రిపోర్టు కాలేజీకే కాదు, గ్రామసభకూ చేరాలి!
పరీక్ష చేయించుకోని ఇల్లు ఉద్దానంలో ఉండకూడదు!

— ఉద్దానం పూర్వ విద్యార్థులు