ఏడుపుకు ఒకే రాగమా?

మొన్నొక సాహిత్య గోష్ఠిలో, నేను ఎంతో గౌరవించే పెద్దాయన ఒకరు కరుణరసం గురించి చక్కగా చెబుతూ చెబుతూ, ఎందుకనో పాశ్చాత్య సంగీతం మీద పడ్డారు. రాక్ అనేది ఏడవటం చేతగాని వాళ్ళు చేసే గోల అన్నారు. సభలో నవ్వులు. సిగ్గుపడుతూ చెబుతున్నాను, నేనూ నవ్వాను. ఆ నవ్వు వారం రోజులుగా గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటోంది. దాన్ని తీసుకోవటానికే ఈ టపా. ఆయన పేరు రాయను. వాదం ఆయనతో కాదు, ఆయన నోట పలికిన అభిరుచితో. అది నాలోనూ ముప్ఫై ఏళ్ళకు పైగా కాపురముంది.

ముందు ఒక కాసెట్టు సంగతి చెప్పాలి.

1986లో అన్నయ్య హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతూ, కోఠీలో ఒక రికార్డింగు దుకాణంలో ఖాళీ కాసెట్టు ఇచ్చి ఏసీ/డీసీ వారి 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఎక్కించుకొచ్చాడు. అది అరవై నిమిషాల కాసెట్టు, ఆల్బమేమో నలభై రెండు నిమిషాలు. రెండో పక్క చివర పది నిమిషాలు ఖాళీ మిగిలితే, దుకాణదారు అడక్కుండానే ఘంటసాల 'పుష్పవిలాపం' నింపి ఇచ్చాడట. టేపు ఖాళీగా వదిలితే పాపమని ఆయన నమ్మకం! అన్నయ్య దాన్ని చెరపలేదు. సెలవుల్లో తెనాలి దగ్గర మా ఊరు వచ్చినప్పుడల్లా ఆ కాసెట్టు మోగేది. మొదట గంటలు, చివర పువ్వుల ఏడుపు.

1989లో కామెర్లతో అన్నయ్య పోయాడు. వాడికి ఇరవై నాలుగు, నాకు పదిహేడు.

ఆ రోజు మా పొలంలో పనిచేసే ఆయన వచ్చి, పేట నుంచి డప్పులు తెస్తామన్నాడు. అన్నయ్య ఎన్నో ఏళ్ళు ఆ పేట కుర్రాళ్ళతో క్రికెట్ ఆడాడు. "మన ఇళ్ళలో ఆ అలవాటు లేదయ్యా" అన్నారు పెదనాన్నగారు, మెత్తగానే. ఆయన తలూపి వెనక్కి వెళ్ళిపోయాడు. పదకొండో రోజు సాయంత్రం నేను లోపలి గదిలో తలుపు వేసుకుని ఆ కాసెట్టు పెట్టాను. నాలుగో గంటో అయిదో గంటో మోగిందో లేదో, పెదనాన్నగారు వచ్చి మీట నొక్కి ఆపేశారు. తిట్టలేదు. "అమ్మ వింటుందిరా" అన్నారు. అంతే. ఆ తర్వాత నేనా ఆల్బమ్ వినలేదు. వినకపోవటాన్ని క్రమంగా సంస్కారమనుకున్నాను. ఎవరైనా రాక్ అంటే పెదవి విరవటం నేర్చుకున్నాను. చూశారా, దుఃఖం అభిరుచిగా ఎలా గడ్డకడుతుందో!

ఈ వేసవిలో ఊళ్ళో ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఆ కాసెట్టు దొరికింది. టేపు అంటుకుపోయింది. ఆ రాత్రి ఫోనులో వెతికి, చెవుల్లో పెట్టుకుని, పది పాటలూ విన్నాను. తెల్లవారాక ఆల్బమ్ చరిత్ర చదివాను. పదిహేడేళ్ళ వయసులో నాకు తెలియని విషయం అప్పుడు తెలిసింది: నేను పదకొండో రోజున పెట్టుకున్నది సంతాప సంగీతమే.

1980 ఫిబ్రవరి 19న లండన్‌లో ఆ బృందం గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. రాత్రి బాగా తాగి, తెలిసినవాడి కారులో నిద్రపోయినవాడు మళ్ళీ లేవలేదు. 33 ఏళ్ళు. స్కాట్లాండులో పుట్టి, చిన్నతనంలోనే కుటుంబంతో ఆస్ట్రేలియా వలస వెళ్ళినవాడు. బృందానికి వెన్నెముకైన మాల్కమ్, ఆంగస్ యంగ్ సోదరులూ గ్లాస్గో నుంచి అలా సిడ్నీ చేరినవాళ్ళే. ఇక మూసేద్దామనుకున్న సమయంలో ఆపవద్దని చెప్పింది బాన్ తల్లిదండ్రులేనని బృందం అనేకసార్లు చెప్పుకుంది. కొత్త గాయకుడు బ్రయన్ జాన్సన్ ఇంగ్లండు ఈశాన్యపు పనివాళ్ళ ఊళ్ళ మనిషి. అతని పాట విని మెచ్చుకుని, మిగతావాళ్ళకు అతని గురించి చెప్పింది బాన్ స్కాటే! ఏప్రిల్, మే నెలల్లో బహామాస్‌లోని నసావులో, మట్ లాంగ్ పర్యవేక్షణలో రికార్డు చేశారు. జులై 25న విడుదలైంది. మనిషి పోయి అయిదు నెలలే. అట్ట మొత్తం నలుపు, సంతాప సూచకంగా. నల్లటి అట్ట అమ్ముడుపోదని కంపెనీ గునిస్తే, అక్షరాల చుట్టూ సన్నని బూడిదరంగు గీతకు మాత్రం ఒప్పుకున్నారు.

మొదటి పాట 'హెల్స్ బెల్స్' గంటతో మొదలవుతుంది. ఆ గంట ఇంగ్లండులోని లాఫ్‌బరోలో జాన్ టేలర్ కంపెనీ పోత పోసిన కంచు. ముందు ఆ ఊళ్ళోనే ఉన్న స్మారక గంటల గోపురంలో రికార్డు చేయబోతే, కొట్టినప్పుడల్లా లోపల గూళ్ళు కట్టుకున్న పక్షులు రెక్కలు కొట్టుకుంటూ లేచేవట. ఇంజనీరు టోనీ ప్లాట్ చెప్పిన ముచ్చట. (నా మటుకు నాకు ఆ రెక్కల చప్పుడు ఉంచేస్తే బాగుండేదనిపిస్తుంది.) గంట ఒంటరిగా మోగుతుంది. దాని కింద గిటారు మెల్లగా చేరుతుంది, తర్వాత డ్రమ్ము. మనిషి గొంతు వినబడేసరికి నిమిషం దాటిపోతుంది. తొందరెక్కడుంది ఇందులో? గోలెక్కడుంది?

రెండో పక్క ఆల్బమ్ పేరే పెట్టుకున్న పాటతో మొదలవుతుంది. పోయినవాడిని తలచుకోవాలి కానీ దిగులుగా ఉండకూడదు, ఇదీ తనకు అప్పజెప్పిన పని అని జాన్సన్ తర్వాత చెప్పుకున్నాడు. పాట మొదట్లోని గిటారు వరస వినండి. ఒక దెబ్బ, తర్వాత ఖాళీ. మళ్ళీ దెబ్బ, మళ్ళీ ఖాళీ. ఫిల్ రడ్ డ్రమ్ము ఆ ఖాళీల్లోకి చొరబడదు, కాపలా మాత్రం కాస్తుంది. మృదంగం తెలిసినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు, కొట్టని చోటే కొట్టిన దానికి విలువనిస్తుందని. గోల అన్నవాళ్ళు ఈ ఖాళీలను వినలేదు. వినకుండానే తీర్పిచ్చారు.

పెద్దాయన మాటలోని అసలు తప్పు సంగీతానికి సంబంధించినది కాదు. శోకం అనగానే ఆయనకు విలంబితమైన గొంతు, చెమర్చిన కళ్ళు, ఒక మూల దీపం గుర్తొస్తాయి. అది శోకంలో ఒక పద్ధతి. ఒక రకం ఇళ్ళ పద్ధతి. అదే మొత్తం తెలుగు పద్ధతి అనటం అబద్ధం. మన ఊళ్ళలో ఎన్ని పేటల్లో చావు డప్పు లేకుండా పాడె కదులుతుంది? డప్పులు మోగుతుంటే పోయినవాడి మిత్రులు పాడె ముందు ఎగరటం, ఎగురుతూనే ఏడవటం మీరెవరూ చూడలేదా? దారినపోయే శవయాత్రను చూసి "తాగి చిందులేస్తున్నారు" అని కిటికీ మూసుకున్న ఇళ్ళలోనే మనలో చాలామంది పుట్టాం. ఇప్పుడు అదే కిటికీని సౌందర్యశాస్త్రం పేరుతో మళ్ళీ మూస్తున్నాం. ఏడవటం చేతగాని వాళ్ళని ఏసీ/డీసీ వాళ్ళను అన్నారు సరే, ఆ రోజు మా గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయిన ఆయన్ని కూడా అన్నట్టే కదా?

"డప్పు వేరు, డాలర్ల కోసం అమ్మే సరుకు వేరు" అంటారని తెలుసు. నిజమే, ఇది అమ్మకానికి పెట్టిన సరుకే. ప్రపంచం మొత్తమ్మీద 5 కోట్ల ప్రతులని అంచనా, ఒక్క అమెరికాలోనే రెండున్నర కోట్లకు 2019లో ధ్రువీకరణ ఇచ్చారు. ఈ అంకెలు ఆల్బమ్ గొప్పదనడానికి సాక్ష్యమని నేననను, దుఃఖం దొంగదనడానికి మీరూ వాడకండి. పుష్పవిలాపం రికార్డూ దుకాణంలోనే అమ్మారు.

ఒక విషయంలో మాత్రం నేను ఆల్బమ్ తరఫున వాదించను. ఆడవాళ్ళ గురించిన పాటలు మొరటుగా ఉన్నాయి. మొదటి పక్క చివరి రెండు పాటలనూ ఇప్పుడు నేను దాటేస్తున్నాను. వాటిలో ఆఖరిదాన్ని 1985లో అమెరికాలో తల్లిదండ్రుల సంఘమొకటి అభ్యంతరకరమైన పదిహేను పాటల జాబితాకెక్కించింది. నిషేధాల మీద నాకు గౌరవం లేదు గానీ, మా ఇంట్లో ఆడపిల్లల ముందు ఆ పాటను నేను సమర్థించలేను. అభిమానులు "అప్పటి కాలం అలాంటిది" అని సర్దేస్తుంటారు. కాలం మీదకు నెట్టేయటం కూడా వినకపోవటమే.

మద్యం గురించిన పాట మాట వేరు. తాగి చనిపోయిన మనిషి మీద అయిదు నెలలకు వచ్చిన ఆల్బములో, నా లెక్కలో ఒక గుక్క తాగమని పిలిచే పాట! మొదట నాకూ ఒళ్ళు జలదరించింది. పోయినవాడికి ఇష్టమైనదేదో, అదే పెడతాం కదా పిండం పక్కన. అన్నయ్యకు మా అమ్మ పెట్టింది చేగోడీలు. అవి వాడికి పడవని డాక్టరు చెప్పి ఉన్నాడు.

2017 నవంబరులో మాల్కమ్ యంగ్ పోయాడు, మతిమరుపు వ్యాధితో. 2020లో వచ్చిన 'పవర్ అప్'ను తమ్ముడు ఆంగస్ అన్నకే అంకితమిచ్చాడు. మళ్ళీ అదే పద్ధతి, గొంతు తగ్గించకుండా. ఈసారి పోయింది సొంత అన్న. ఆ సంగతి చదివిన రోజున నేను ఇంకేమీ చదవలేదు.

కాసెట్టును గుంటూరులో పాత టేపులు బాగుచేసే ఆయనకిచ్చాను. రెండో పక్క దాదాపు నిలబడింది. ఆఖరి పాట రాక్ శబ్దకాలుష్యం కాదని గట్టిగా వాదిస్తూ ముగుస్తుంది. ఆ వెంటనే టేపు సర్రుమని, దుకాణదారు మీట నొక్కిన టక్కు వినిపించి, ఘంటసాల గొంతు మొదలవుతుంది. అమ్మకిప్పుడు ఎనభై రెండు. పక్క గదిలోంచి "ఏంట్రా, ఆ ముందుది కూడా మనవాడిదేగా? ఆపావేం, మొదటినుంచీ పెట్టు" అంది.