జోడీ లేని ఏడాది

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కరోనా కేసు బయటపడింది నెల్లూరులోనే. 2020 మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన ఓ యువకుడికి వ్యాధి సోకినట్టు తేలింది. రెండు వారాలు తిరక్కుండానే దేశమంతా తలుపులు మూసుకుంది. మే నెలలో, కరోనా వ్యాప్తికి కేంద్రమైన చెన్నై కోయంబేడు మార్కెట్ పేరు చెబితే చాలు, సూళ్లూరుపేట వైపు జనం ఉలిక్కిపడ్డారు. అప్పుడు నెల్లూరు జిల్లాలో, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న చిట్టమూరు మండలానికి ఆ భయం ఎంతో దూరాన లేదు. పొలం పని ఎలాగో సాగింది. బడులు, వాటి ఆటస్థలాలు మాత్రం మూతపడ్డాయి.

కరాటే, తైక్వాండో నేర్చుకునే పిల్లల కష్టం అక్కడ మొదలైంది. పరుగు నేర్చినవాడికి పొలం గట్టయినా ఉంటుంది. కరాటేలో ఒంటరిగా చేసే కటాకు ఇంటి వాకిలి సరిపోతుంది. జోడీగా తలపడే కుమిటే అలా కాదు. ఎదుట మనిషి నిలబడాలి. అతని భుజం ఎటు కదులుతోందో కనిపెట్టాలి, దెబ్బ కాచుకోవాలి, కాచుకోలేకపోతే తినాలి. అవతలివాడు ఉంటేనే భయం తీరుతుంది. ఆ ఏడాది మనిషి దగ్గరికి మనిషి రావడమే ప్రమాదమైంది.

దేశంలో లాక్‌డౌన్ ప్రకటించిన మార్చి 24నే టోక్యో ఒలింపిక్స్ వాయిదా పడింది. కరాటేకు అవే తొలి ఒలింపిక్స్. పెద్దవాళ్లకు కనీసం కొత్త తేదీ దొరికింది. బెల్టు పరీక్ష కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్న పన్నెండేళ్ల పిల్లకు ఏ తేదీ చెప్పాలి? ఒళ్లు బరువెక్కడం, నిద్ర తప్పడం, ఊరికే చిరాకు పడడం. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకమనుకున్నారు. దిగులని ఎవరూ అనుకోలేదు.

ఆ దెబ్బను తట్టుకుని నిలబడ్డవాళ్లూ ఉన్నారు. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయంతో రింగుకు దూరమైంది. కోలుకుని నిలదొక్కుకుంటున్న వేళ మహమ్మారి వచ్చిపడింది. అయినా 2021 మార్చిలో ఇస్తాంబుల్‌లో ఇద్దరు ప్రపంచ చాంపియన్లను ఓడించింది. మరుసటి ఏడాది మే 19న అదే నగరంలో 52 కిలోల విభాగంలో తానే ప్రపంచ చాంపియన్ అయింది. ఆ పట్టుదలకు చేతులెత్తి నమస్కరించాలి. కానీ ఆమెకు శిక్షకులున్నారు, శిబిరాలున్నాయి. మండల కేంద్రంలోని పిల్లకు ఉన్నది మాస్టారొక్కరే.

క్రీడా మనస్తత్వ నిపుణులు చెప్పే పద్ధతులు కొన్ని ఆ మాస్టారికి కొత్తేమీ కావు. క్లాసు మొదట్లో కళ్లు మూసి కూర్చోబెట్టే మొకుసో ఊపిరిని కుదుటపరిచేదే. ఎదుట ప్రత్యర్థి ఉన్నట్టు మనసులో ఊహించుకుని అడుగు వేయడం, నెలకు కాక రోజుకో చిన్న గురి పెట్టుకోవడం కూడా నేర్పగలిగినవే. నేర్పాల్సిన మరొకటి ఉంది. ఫోన్ చేసినప్పుడు ‘ప్రాక్టీస్ చేశావా?’ కంటే ముందు ‘ఎలా ఉన్నావమ్మా, నిద్ర పడుతోందా?’ అని అడగడం. ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పిస్తున్నారు, సంతోషం. నేర్పే మాస్టార్లకు పిల్లల దిగులును గుర్తుపట్టే శిక్షణ కూడా ఆ పథకంలోనే చేర్చాలి. మరో మహమ్మారి వచ్చాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది.

ఈలోగా ఇంట్లో అలా దిగులుపడే పిల్లలుంటే, మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416 గోడ మీద రాసిపెట్టండి. తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.