పేదల కంచం పణం కారాదు

రెండు పక్షాలు రాజకీయ పంతానికి దిగినప్పుడు ముందుగా నష్టపోయేది ఆ పంతంతో ఏ సంబంధమూ లేని వారేనని 2025 అక్టోబరు, నవంబరు మాసాలలో అమెరికా మరోసారి నిరూపించింది. అక్టోబరు 1న మొదలైన ప్రభుత్వ కార్యకలాపాల స్తంభన నవంబరు 12 వరకు 43 రోజుల పాటు సాగింది. ఆ దేశ చరిత్రలో అప్పటి వరకు అంత సుదీర్ఘమైన స్తంభన లేదు. లక్షలాది ఫెడరల్ ఉద్యోగులలో కొందరు ఇళ్లకు పరిమితమయ్యారు. మరికొందరు జీతం అందకుండానే విధులు నిర్వర్తించారు. అంతకన్నా తీవ్రమైన ప్రమాదం నవంబరు 1న ముంచుకువచ్చింది. ఆహార సహాయ పథకంపై ఆధారపడిన సుమారు 4 కోట్ల 20 లక్షల మందికి ఆ నెల సాయం అందదని ప్రభుత్వమే ప్రకటించింది. దేశ జనాభాలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరి నోటి దగ్గర కూడు అది. ఈ పరిస్థితిలో పాలక పక్షానికే చెందిన ఒక సెనేటర్ స్పందించిన తీరు, ఆ స్పందనకు పట్టిన గతి ప్రజాస్వామ్య దేశాలన్నీ ఆలోచించదగినవి.

చట్టసభ అనుమతి లేనిదే ఖజానా నుంచి ఒక్క డాలరు కూడా తీయరాదని అమెరికా రాజ్యాంగం నిర్దేశిస్తున్నది. అక్కడ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న ప్రారంభమవుతుంది. ఆ లోగా ద్రవ్య వినియోగ బిల్లులు గాని, తాత్కాలిక కేటాయింపుల తీర్మానం గాని ఆమోదం పొందకపోతే ప్రభుత్వ శాఖలు ఖర్చు చేసే అధికారాన్ని కోల్పోతాయి. అనుమతి లేని వ్యయాన్ని నిషేధించే చట్టం 1884 నుంచీ ఉన్నదే. అయితే ఆ చట్టం ప్రకారం కార్యాలయాలు మూసివేయక తప్పదని 1980లో నాటి అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెటి ఇచ్చిన అభిప్రాయంతోనే ఈ స్తంభనల యుగం మొదలయింది. 1995-96లో 21 రోజులు, 2013లో 16 రోజులు, 2018-19లో 35 రోజుల పాటు ప్రభుత్వం స్తంభించింది. రాజులు ఇష్టారాజ్యంగా ఖర్చు చేయకుండా అడ్డుకట్ట వేయడానికి పుట్టిన సూత్రం కాలక్రమంలో పక్షాల మధ్య బేరసారాలకు ఆయుధంగా మారడం విడ్డూరం.

2025 నాటి వివాదానికి మూలం ఆరోగ్య బీమా. ఒబామా కాలపు ఆరోగ్య చట్టం కింద బీమా తీసుకున్న వారికి కొవిడ్ సమయంలో పెంచిన రాయితీల గడువు ఆ ఏడాది చివరితో ముగియనున్నది. వాటిని పొడిగిస్తేనే తాత్కాలిక కేటాయింపులకు మద్దతిస్తామని డెమొక్రాట్లు పట్టుబట్టారు. ముందు ప్రభుత్వాన్ని తెరవనివ్వండి, తరువాత చర్చిద్దామని రిపబ్లికన్లు భీష్మించారు. నూరు మంది సెనేట్‌లో రిపబ్లికన్లు 53 మంది. చర్చ ముగించి ఓటింగుకు వెళ్లాలంటే 60 ఓట్లు కావాలి. ఫలితంగా బిల్లు పద్నాలుగు సార్లు వీగిపోయింది. డెమొక్రాట్ల కోరికలో న్యాయం లేకపోలేదు. రిపబ్లికన్ల వాదనలో తర్కమూ లేకపోలేదు. కాని ఆ రెంటి నడుమ నలిగిపోయిన వారికి ఏ పక్షపు న్యాయమూ అన్నం పెట్టలేదు. ఎద్దులు ఎద్దులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరిగినట్లయింది.

ఆహార కూపన్ల పథకంగా 1939లో తొలిసారి మొదలై, 1964లో చట్టబద్ధత పొంది, 2008లో పేరు మార్చుకున్న పథకమిది. సాయం సగటున మనిషికి రోజుకు ఆరు డాలర్ల పైచిలుకు మాత్రమే. నెలనెలా ఒక కార్డులో జమ అయ్యే ఆ మొత్తంతో దుకాణంలో తినుబండారాలు, పాలు, కూరగాయలు కొనుక్కోవాలి. లబ్ధిదారులలో పది మందికి దాదాపు నలుగురు పిల్లలు. వృద్ధులు, వికలాంగులు, చాలీచాలని జీతాలతో పని చేసేవారు మిగిలినవారిలో అధికులు. ఇటువంటి కుటుంబాలకు ఒక నెల సాయం ఆగడమంటే పొదుపు తగ్గడం కాదు, పొయ్యి ఆరడం.

నిజానికి ఖజానా పూర్తిగా వట్టిపోలేదు. ఇటువంటి అవసరాల కోసం కాంగ్రెస్ ముందే కేటాయించిన అత్యవసర నిధిలో సుమారు 465 కోట్ల డాలర్లు ఉన్నట్లు ప్రభుత్వమే న్యాయస్థానానికి తెలిపింది. నవంబరు నెలకు కావలసింది 800 కోట్ల డాలర్లకు పైమాట. అంటే సగానికి పైగా చేతిలో ఉన్నట్లే. స్తంభన వస్తే ఈ నిధిని వాడవచ్చునని వ్యవసాయ శాఖ తన ప్రణాళికలో పేర్కొన్నది కూడా. అక్టోబరు చివరికి వచ్చేసరికి ఆ శాఖే మాట మార్చి, ఆ నిధి ప్రకృతి వైపరీత్యాల వంటి వాటికే తప్ప దీనికి వర్తించదన్నది. సైనికుల జీతాల కోసం రక్షణ పరిశోధనల పద్దు నుంచి డబ్బు మళ్లించగలిగారు. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లల పోషకాహార పథకానికి సుంకాల ఆదాయం నుంచి 30 కోట్ల డాలర్లు సర్దగలిగారు. ఆ రెండూ మెచ్చదగినవే. మనసుంటే మార్గం దొరుకుతుందని అవే చాటుతున్నాయి. 4 కోట్ల 20 లక్షల మంది విషయంలో ఆ మార్గాన్ని వెదకకపోవడమే శోచనీయం.

ఈ దశలో మిస్సోరి రాష్ట్రానికి చెందిన రిపబ్లికన్ సెనేటర్ జోష్ హాలీ ముందుకు వచ్చారు. మిగతా వివాదాల సంగతి ఎలా ఉన్నా ఆహార సాయానికి మాత్రం నిధులు ఆగకుండా చూసే బిల్లును ఆయన ప్రతిపాదించారు. అమెరికాలో ఎవరూ ఆకలితో పడుకోరాదని న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వ్యాసం రాశారు. పలువురు స్వపక్షీయులతో పాటు వెర్మాంట్ డెమొక్రాట్ సెనేటర్ పీటర్ వెల్చ్ కూడా ఆయనకు అండగా నిలిచారు. జనాభాలో ప్రతి ఐదుగురిలో ఒకరు ఈ సాయం మీద ఆధారపడిన న్యూ మెక్సికో నుంచి ఎన్నికైన డెమొక్రాట్ సెనేటర్ బెన్ రే లుహాన్ తల్లీబిడ్డల పోషకాహార పథకాన్ని కూడా చేర్చి మరొక బిల్లు తెచ్చారు. ఆశయం ఒకటే అయినప్పుడు రెండు బిల్లులూ కలిసి గంటలలో గట్టెక్కవలసింది. అయితే ముక్కలు ముక్కలుగా ప్రభుత్వాన్ని తెరవబోమని సెనేట్ నాయకుడు జాన్ థూన్ అడ్డు చెప్పారు. లుహాన్ ప్రయత్నం సభలోనే ఆగిపోయింది. హాలీ బిల్లూ ఓటింగు వరకు రాలేదు.

హాలీ చొరవను అభినందించవలసిందే. సొంత పార్టీ నాయకత్వం ఒక దారిన పోతుండగా వేరొక మాట అనడానికి ధైర్యం కావాలి. కాని ఆయన చర్యలన్నీ ఒకే త్రాసులో తూగడం లేదు. అంతకు నాలుగు నెలల ముందు, జూలైలో, ఇదే ఆహార పథకంపై పదేళ్లలో సుమారు 18,600 కోట్ల డాలర్ల కోత పడుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్కగట్టిన చట్టానికి ఆయన ఓటు వేశారు. పేదల వైద్య సహాయంలో కోత తగదని మే నెలలో వ్యాసం రాసి, ఆ కోత ఉన్న బిల్లునే జూలైలో ఆమోదించారు. ఆకలి ఒక నెలలో పాపమై, పదేళ్లలో పొదుపు కాజాలదు. మరొక పక్క డెమొక్రాట్లు సైతం ఈ పథకం తమ కంటిపాప అంటూనే, దానికి డబ్బు చేకూర్చే తాత్కాలిక తీర్మానాన్ని పదేపదే తిరస్కరించారు. ఉభయుల కన్నీటిలోనూ ఎన్నికల లెక్క ఉప్పులా కలిసే ఉన్నది.

చట్టసభ చేయలేని పనిని న్యాయస్థానాలు చేయబోయాయి. అత్యవసర నిధిని వాడక తప్పదని మసాచుసెట్స్, రోడ్ ఐలండ్‌లలోని ఇద్దరు ఫెడరల్ న్యాయమూర్తులు అక్టోబరు 31న తేల్చారు. ప్రభుత్వం పాక్షికంగా చెల్లిస్తామన్నది. పూర్తిగా చెల్లించాలని నవంబరు 6న ఆదేశం వెలువడింది. మరునాడే వివాదం సుప్రీం కోర్టుకు చేరి ఆ ఆదేశం తాత్కాలికంగా నిలిచిపోయింది. ఈలోగా కొన్ని రాష్ట్రాలు పూర్తి మొత్తం జమ చేసేశాయి; చేసినదాన్ని రద్దు చేయమని వ్యవసాయ శాఖ తాఖీదు పంపింది. కొన్ని రాష్ట్రాలలో కార్డులో డబ్బు, పక్క రాష్ట్రంలో శూన్యం. దుకాణం ముందు నిలబడిన తల్లికి ఏ న్యాయస్థానం ఏ ఉత్తర్వు ఇచ్చిందో తెలియవలసిన అవసరమేమిటి? చివరకు డెమొక్రాట్ శిబిరంలోని ఎనిమిది మంది సెనేటర్లు దిగివచ్చి ఓటు వేయడంతో ప్రతిష్టంభన వీడింది. నవంబరు 12న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన చట్టం ఆహార పథకానికి 2026 సెప్టెంబరు 30 వరకు నిధులు సమకూర్చింది. బీమా రాయితీల పొడిగింపు మాత్రం అందులో లేదు.

గమనించవలసిన అసలు విషయం ఒకటి ఉన్నది. ఆ 43 రోజులలో సామాజిక భద్రతా పింఛన్లు ఆగలేదు. కారణం, వాటికి ఏటేటా సభ అనుమతి అక్కరలేని శాశ్వత కేటాయింపు ఉన్నది. చట్టసభ సభ్యుల జీతాలూ ఆగలేదు. వాటికీ 1980ల నుంచి అటువంటి రక్షణే ఉన్నది. ఆహార సాయం మాత్రం అర్హులందరికీ హక్కుగా చట్టం చెబుతున్నా, డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఏటేటా చేతులెత్తే సభ దయపై ఆధారపడి ఉన్నది. కాగితంపై హక్కు, ఖజానాలో యాచన. ఈ తేడాయే 4 కోట్ల 20 లక్షల మందిని బందీలుగా చేసింది. హాలీ, లుహాన్ ప్రతిపాదించినవి ఆ ఒక్క గండం గట్టెక్కించే బిల్లులు. ఏటా రాగల గండానికి శాశ్వత కేటాయింపే మందు.

ఒక్కొక్క పథకాన్నీ మినహాయిస్తూ పోతే స్తంభనను ముగించాలన్న ఒత్తిడి తగ్గుతుందని, అందువల్ల అది మరింత సాగుతుందని థూన్ వంటి వారి భయం. ఈ వాదనను తేలికగా తోసిపుచ్చలేము. కాని దాని అర్థమేమిటి? పేదవాడి ఆకలి ఎంత పెరిగితే ఒప్పందం అంత త్వరగా కుదురుతుందని చెప్పడమే కదా! పెద్దల మధ్య రాజీ కుదర్చడానికి పసివాడి ఆకలిని ఇంధనంగా వాడే పద్ధతి ఎంత ఫలవంతమైనా నీతి అనిపించుకోదు. ఒత్తిడి పడవలసింది నిర్ణయాధికారం ఉన్నవారిపై. జీతం ఆగవలసి వస్తే ముందు ఆగవలసింది వారిది.

ఈ పరిణామాల సెగ తెలుగువారికీ తగిలింది. హెచ్-1బి దరఖాస్తుకు ముందు తప్పనిసరి అయిన కార్మిక శాఖ ధ్రువీకరణ అక్టోబరులో నిలిచిపోవడంతో కొత్త ఉద్యోగాలకు మారదలచినవారు, వారికి ఉద్యోగమివ్వదలచిన సంస్థలు ఎదురుచూపులతో గడిపారు. అయితే వారిది వాయిదా పడిన అవకాశం. అన్నార్తులది వాయిదా వేయరాని అవసరం. ఈ రెండింటినీ ఒకే గాట కట్టలేము.

మన దేశంలో ఇటువంటి స్తంభనకు రాజ్యాంగ నిర్మాతలు తావివ్వలేదు. బడ్జెట్ ఆమోదం ఆలస్యమైతే 116వ అధికరణం కింద ఓట్ ఆన్ అకౌంట్ ద్వారా ఖర్చులకు అనుమతి పొందవచ్చు. పద్దులపై లోక్‌సభలో ఓడిన ప్రభుత్వం గద్దె దిగుతుందే తప్ప కార్యాలయాలకు తాళాలు వేసి కూర్చోదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ధాన్యాన్ని హక్కుగా మార్చింది. ధాన్యం సరఫరా చేయలేకపోతే ఆహార భద్రతా భృతి చెల్లించాలని అదే చట్టం చెబుతున్నది. సుమారు 81 కోట్ల మందికి చేరే ఈ రేషన్ విషయంలో పక్షాలు ఎంత కలహించినా సభ స్తంభించినందువల్ల బియ్యం ఆగిన సందర్భం లేదు.

అంతమాత్రాన మనం గుండెల మీద చేయి వేసుకుని నిద్రపోవడానికి వీలు లేదు. పశ్చిమ బెంగాల్‌లో అక్రమాలు జరిగాయన్న కారణంతో 2022 మార్చి నుంచి ఉపాధి హామీ నిధులను కేంద్రం నిలిపివేసింది. అక్రమార్కులను శిక్షించవలసిందే. కాని పలుగు పట్టి మట్టి తవ్విన కూలీ చేసిన నేరమేమిటి? పథకాన్ని 2025 ఆగస్టు 1 నుంచి పునరుద్ధరించాలని కలకత్తా హైకోర్టు ఆదేశించగా కేంద్రం సుప్రీం కోర్టుకు వెళ్లింది. అక్టోబరు 27న ఆ అప్పీలు వీగిపోయింది. వాషింగ్టన్‌లో ఆహార సాయంపై రగడ పరాకాష్ఠకు చేరిన వారంలోనే ఇదీ జరిగింది. డిసెంబరులో ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టమే వచ్చింది. చట్టం పేరు ఏదైనా, కేంద్ర రాష్ట్రాల కలహంలో కూలి డబ్బు చిక్కుకోకుండా చూసే కట్టుదిట్టమైన ఏర్పాటు ఉండాలన్నది ఆ మూడేళ్లు నేర్పిన పాఠం.

సంపన్న దేశమైనా, పేద దేశమైనా సంక్షేమం నిజంగా హక్కో కాదో తేలేది పాలకులు సఖ్యంగా ఉన్నప్పుడు కాదు, తగవులాడుకున్నప్పుడు. పాలకుల కలహం ఎంత ముదిరినా ఆగని సాయమే హక్కు. కలహంతోపాటు ఆగిపోయేది దానం మాత్రమే. జోష్ హాలీ ఒక నెల కోసం అన్న మాటను ఆయన సహచరులు ఎల్లకాలానికీ చట్టంగా మలచగలిగితే ఆ 43 రోజుల బాధకు కొంతైనా ప్రయోజనం దక్కుతుంది. లేనిచో మరొక అక్టోబరు 1న మరొక పంతం మొదలై, అదే కార్డు పట్టుకుని అదే తల్లి అదే దుకాణం ముందు నిలబడక తప్పదు.