ఇప్పుడు నీ ఒళ్ళో ఏటున్నాది?

మా వంటింట్లో ఒక చిన్న స్టీలు గిన్నె ఉంది. పెద్దదాని అన్నప్రాసనకి కొన్నది. ఏడాదిన్నరగా నేను అన్నం తింటున్నది అందులోనే. ఇంటికొచ్చిన చుట్టాలు దాన్ని చూడగానే ముందు నవ్వుతారు, తర్వాత జాలి పడతారు, చివరికి ఎలాగైనా ఇంకో గరిటె వెయ్యాలని చూస్తారు. ఈ మూడో పని గురించే ఇవాళ రాయాలనుకున్నాను.

నేను బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ మాట ఇలా సూటిగా రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. బంధువులందరికీ హెర్నియా అనే చెప్పాం. అప్పటికి నా బరువు 112 కిలోలు, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. షుగరుంది, మోకాళ్ళు మెట్లెక్కనిచ్చేవి కావు, రాత్రి నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేదాన్ని. వాకింగులూ ఉలవచారు డైటులూ నిమ్మరసం తేనెలూ అన్నీ అయ్యాయి. పది కిలోలు తగ్గడం, పన్నెండు పెరగడం. చివరికి విశాఖలో ఆపరేషన్ చేయించుకుని, పదిరోజులు మా ఆడపడుచు ఇంట్లో ఉండి, అనంతగిరి ఘాట్‌లో ప్రతి మలుపుకీ పొట్ట పట్టుకుంటూ అరకు చేరాను.

నాకు చేసింది స్లీవ్ ఆపరేషన్. పొట్టలో ముప్పావు వంతుకు పైగా తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా ఉంచుతారు. మొదట్లో అందులో అరగ్లాసు పట్టడం కూడా కష్టం. తీసేసిన భాగంలోనే, ఆకలి వేయించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారవుతుంది. దాన్ని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అందుకే ఆపరేషన్ తర్వాత చాలాకాలం ఆకలి పెద్దగా తెలియదు. కానీ ఒక సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆకలి పోతుందిగానీ ఆశ పోదు. ఇంగువ తాలింపు వాసన అలాగే ఉంటుంది. ఆవకాయ జాడీ అలాగే పిలుస్తుంది.

మొదట నీళ్ళలాంటివి, తర్వాత మజ్జిగ, పల్చటి పప్పుకట్టు, ఆ తర్వాత మెత్తగా మెదిపినవి, నెలన్నర దాటాక మామూలు తిండి. కాఫీ తోటల మధ్య ఉంటూ కొన్ని వారాలు కాఫీ కూడా మానాను. చెప్పడానికి తేలికే. కానీ ఇంట్లో వంట చేసేది నేనే కదా. నాకు అరగ్లాసు పప్పుకట్టు పెట్టుకుని, నలుగురికీ చేపల పులుసు చేసి, ఉప్పు సరిపోయిందో లేదో నాలికమీద వేసుకుని ఉమ్మేసిన రోజులున్నాయి. మా వారు నాముందు తినడానికి మొహమాటపడి ఆఫీసు దగ్గరే తినొచ్చేవారు. పిల్లలు చిప్స్ ప్యాకెట్లు పట్టుకుని పెరట్లోకి పోయేవారు. నేను గదిలో కూర్చునేదాన్ని. మూడు నెలల్లో పాతిక కిలోలు తగ్గాను, ఇంట్లో అందరం కలిసి అన్నం తినడం మాత్రం పోయింది. ఒకరోజు చిన్నది, "అమ్మా, నీకు మామీద కోపమా?" అంది. దానికి కనిపించింది పొట్ట కాదు, కంచాల దగ్గర నేను లేకపోవడం.

ఇక మా అత్తయ్య. ఆవిడది శృంగవరపుకోట వైపు. ఎనిమిదిమంది పిల్లల్లో ఆరోది. గంజిలో మెతుకులు లెక్కపెట్టుకున్న చిన్నతనం. అందుకే ఆవిడకి ప్రేమంటే వడ్డించడమే. కోపం వచ్చినా వడ్డిస్తుంది, దిగులు కలిగినా వడ్డిస్తుంది. నా గిన్నె చూసి, "ఏటే, పిట్టకి పెట్టినట్టు పెట్టుకున్నావ్?" అనేది. నాలుగో నెలలో నా జుట్టు గుప్పిళ్ళతో ఊడింది. ఇలాంటి ఆపరేషన్ల తర్వాత అలా ఊడడం, కొన్ని నెలలకు మళ్ళీ రావడం మామూలే. ఆవిడకి మాత్రం అది తిండిలేక కోడలు నశించిపోవడం. ఒక పెళ్ళిలో నలుగురి ముందూ, నామీద ఒట్టు అంటూ మాడుగుల హల్వా ముక్క నోట్లో పెట్టింది. కాదనలేక మింగాను. కాసేపటికి గుండె దడ, చెమటలు, కళ్ళు తిరగడం. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే కొందరికి అలా అవుతుంది. పెళ్ళివారి మంచంమీద పడుకున్నాను. ఆవిడ విసనకర్రతో విసురుతూ ఏడ్చింది. ఎవరిని తప్పుపట్టాలి? ఆవిడ చేసింది ప్రేమే.

ఆ పెళ్ళిలోనే నిజం బయటపడింది. పడగానే అందరి నోటా ఒకటే పేరు: ఆర్తీ అగర్వాల్. ఆమె 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగడం. పొట్టతో, ఆకలితో దానికి సంబంధం లేదు. నాకు చేసింది వేరు. ఈ రెండూ ఒకటేనన్న భయంతో అసలు అవసరమైనవాళ్ళు డాక్టరు దగ్గరికే వెళ్ళరు. అలాగని అందానికి చేయించుకునే పనీ కాదిది. మనదేశంలో ఆరోగ్య బీమా నియమాలే చూడండి. పద్దెనిమిదేళ్ళు నిండి, బీఎంఐ 40 దాటితేనో, లేదా 35 దాటి షుగరు, గుండెజబ్బు, నిద్రలో ఊపిరాగడం లాంటివి ఉంటేనో, వేరే పద్ధతులన్నీ విఫలమయ్యాకే దీనికి బీమా ఒప్పుకుంటారు. ప్రమాదాలు దీనికీ ఉన్నాయి. బి12, ఐరన్, కాల్షియం మాత్రలు బతికినన్నాళ్ళూ మింగాలి. తిండి గాడి తప్పితే బరువు మళ్ళీ పెరుగుతుంది. ఇది సులువు దారి అన్నవాళ్ళని ఒక్క వారం నా గిన్నెతో అన్నం తినమంటాను.

ఇంకో సిగ్గు కూడా దాచుకున్నాను, అదీ చెప్పేస్తాను. మా వీధి చివర అంగన్‌వాడీ ఉంది. అక్కడ నెలనెలా పిల్లల్ని తూకం వేస్తారు. రెండువందల గ్రాములు పెరిగితే తల్లి మొహం వెలుగుతుంది. ఆ దారినే నేను, ఈ నెల నాలుగు కిలోలు తగ్గానన్న సంతోషంతో నడిచేదాన్ని. తిండి చాలని పిల్లలున్న చోట, పొట్ట కోయించుకున్న మనిషిని. ఎవరికైనా చెప్పుకోగలనా? ఒకరోజు, కాఫీ తోటలో పనికెళ్ళే మా పక్కింటావిడ తనే అడిగింది. చెప్పాను. నవ్వలేదు, జాలిపడలేదు. మర్నాడు చెంబుతో చోడి అంబలి పల్చగా కాచి తెచ్చింది. "తాగగలిగినంత తాగమ్మా, మిగిలింది నేను తాగుతాను" అంది. రెండు గుక్కలు తాగాను. మిగిలింది తాగేసి వెళ్ళిపోయింది. తిండి పెట్టడంలో ఇంత తేలికతనం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ సాయంత్రం అత్తయ్యతో మాట్లాడాలనిపించింది. చిక్కుడుకాయలు తుంచుతూ నా పురుళ్ళు గుర్తుచేశాను. పెద్దది పుట్టినప్పుడు ఆవిడ ఎంత పథ్యం చేయించిందో! నెయ్యి వేసిన కారప్పొడి అన్నం, వెల్లుల్లి, లేత బీరకాయ. పాలు పడాలని విశాఖ నుంచి పాలసొర తెప్పించింది. చుట్టాలెవరైనా నాకు మిఠాయి ఇవ్వబోతే, "బాలింతకి పెడతారేటి?" అని చెయ్యి పట్టుకుని ఆపింది. నేను చప్పిడి తిన్నన్నాళ్ళూ తనూ నాతోపాటు చప్పిడే తింది. అప్పుడు ఎవరూ నన్ను పిట్ట అనలేదు. తినవేమని ఒట్టు పెట్టలేదు. ఆ పథ్యంలో నీళ్ళు తక్కువ తాగమనడం లాంటి తప్పులున్నాయి, అది వేరే సంగతి. కానీ ఇంటిల్లిపాదీ ఒక ఆడదాని కడుపు చుట్టూ సర్దుకున్నారు కదా. "అత్తయ్యా, ఇప్పుడూ అలాంటిదే అనుకోకూడదా?" అన్నాను.

ఆవిడ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించింది. "అప్పుడు నీ ఒళ్ళో బిడ్డున్నాది. ఇప్పుడేటున్నాది?" అంది.

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.

తర్వాత చాలా రోజులు ఆ ప్రశ్న నాతోనే ఉంది. మన ఇళ్ళలో ఆడదాని ఒంటికి మర్యాద దక్కేది అందులో ఇంకొకరి ప్రాణం ఉన్నప్పుడే. బిడ్డ కోసమైతే పథ్యం, మొగుడి కోసమైతే నోము, ఇంటి క్షేమం కోసమైతే ఉపవాసం. అవన్నీ అందరికీ అర్థమవుతాయి, అందరూ సాయం చేస్తారు. అదే ఆడది తన మోకాళ్ళ కోసం, తన ఊపిరి కోసం ముద్ద తగ్గించుకుంటే అది పొగరు, సోకు, పెట్టినవాళ్ళని అవమానించడం. నేను అత్తయ్యకి చెప్పాల్సిన జవాబు ఒక్కటే. ఒళ్ళో ఏమీ లేదు అత్తయ్యా, నేనే ఉన్నాను. అది చాలదా?

ఆపరేషన్‌కి ముందు నాకు కౌన్సెలింగ్ చేశారు. ఆహార నిపుణురాలు కాగితం ఇచ్చింది. కానీ అన్నీ నాకే చెప్పారు. మా ఇంట్లో వడ్డించే చెయ్యి నాది కాదు, మా అత్తయ్యది. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టి ఎవరూ మాట్లాడలేదు. తప్పు నాదీ ఉంది, హెర్నియా అని అబద్ధం చెప్పిందాన్ని. ఆవిడకి తెలియని జబ్బుకి ఆవిడ ఎలా పథ్యం చేయిస్తుంది? నా అభిప్రాయం ఇదే: కోత ఒకరికైనా పథ్యం ఇల్లంతటికీ. ఈ ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు వడ్డించే మనిషిని వెంట తీసుకెళ్ళండి. అమ్మో, అత్తో, వదినో, ఎవరైతే వాళ్ళని. దాచకండి.

ఇంట్లో ఎవరికైనా ఇది జరిగితే మీరు చెయ్యగలిగింది పెద్దదేమీ కాదు. మొదటి ముద్ద గుడ్డో చేపో పప్పో పెరుగో అయ్యేలా చూడండి, అన్నం చివర్న. ఉన్న కాస్త చోటూ మాంసకృత్తులకి పోవాలి. తినేటప్పుడు నీళ్ళ గ్లాసు పక్కన పెట్టకండి. నీళ్ళు తిన్న అరగంటకి. "ఇంకొంచెం" అనే మాట మింగెయ్యండి. ఆ ఇంకొంచెమే వాంతి అవుతుంది. ఎన్ని కిలోలు తగ్గావని వచ్చినవాళ్ళందరి ముందూ అడక్కండి. మా వారిలా ఆఫీసులో తినొచ్చి త్యాగం చెయ్యకండి. మీ చేపల పులుసు మీరు తినండి, మా పక్కన కూర్చుని తినండి. మాకు తిండి తగ్గింది, మనుషులు తగ్గకూడదు.

ఇప్పుడు రాత్రిపూట మా ఇంట్లో నలుగురి ముందూ కంచాలు, నాముందు గిన్నె. అయిదు ముద్దలకి అరగంట తీసుకుంటాను, బాగా నమలాలి కాబట్టి. ఆ అరగంటలో పిల్లల స్కూలు కబుర్లన్నీ వింటాను. ఇదివరకు వడ్డిస్తూ తిరగడంతో సగం వినేదాన్ని కాదు. నా బరువు 78 దగ్గర ఆగింది. డాక్టరు ఇంకా తగ్గాలంటాడు. షుగరు మాత్ర ఒకటి పోయింది, ఒకటి ఉంది.

అత్తయ్యకి నా జవాబు ఇంకా నోటితో చెప్పలేదు. ఆవిడ కూడా మారిపోయిందని చెప్పను. చుట్టాలకి ఇప్పటికీ హెర్నియా అనే చెబుతుంది. కాకపోతే మొన్న సంక్రాంతికి అరిసెలు చేసి అందరికీ పంచుతూ నా దగ్గరికి వచ్చి ఆగింది. పళ్ళెంలోంచి ఒక అరిసె తీసి, అంచు నుంచి గోరంత తుంచి, నా గిన్నెలో వేసింది. మిగిలింది తను తినేసింది.